పదేళ్ళు మన్నవలసిన ఆరు ప్యాడ్లు

పాతదిబ్బలపాలెం ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసరు అదిరితే ఊరందరికీ తెలిసిపోతుంది. ముందు గోడ మీద క్యాలెండరు ఊగుతుంది. తరువాత మేనేజరుగారి బల్ల మీద టీ గ్లాసు నడక నేర్చుకుంటుంది. ఆ తరువాత గొట్టాల జాయింట్లు వదులై, నీళ్ళని గడ్డకట్టించే అమ్మోనియా బయటికొస్తుంది. ఇక ఆ పూట ఊళ్ళో పెళ్ళి జరుగుతున్నా చావు జరుగుతున్నా అందరి కళ్ళల్లోనూ నీళ్ళే.

అలా కాకుండా చూడడానికి కంప్రెసరు కింద ఆరు రబ్బరు ప్యాడ్లు ఉంటాయి. యంత్రం అదురుని అవి మింగాలి, నేలకీ గొట్టాలకీ పోనివ్వకూడదు. పాపం, వాటి ఉద్యోగం అంతే. ఆ ప్యాడ్లని కనిపెట్టుకుని ఉండడం ఫోర్మన్ గరికిన అప్పలసూరి ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాడు.

ఏప్రిల్ పదిహేను నుంచి సముద్రం మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని సర్కారు అరవై ఒక్క రోజులు బోట్లని ఒడ్డుకి కట్టేయిస్తుంది. ఐసు ఫ్యాక్టరీకి మరమ్మతులు చేసుకోవాలన్నా ఆ రెండు నెలలే. జూన్ పదిహేనున బోట్లు కదిలే వేళకి ఐసు సిద్ధంగా లేకపోతే పట్టిన చేప ఒడ్డుకొచ్చేలోపే కంపు కొడుతుంది. అందుకని నిషేధం మొదలైన మర్నాడే అప్పలసూరి గోనెపట్టా పరుచుకుని కంప్రెసరు కిందికి దూరాడు. ఒక ప్యాడుని బొటనవేలి గోరుతో నొక్కాడు. గోరు లోపలికి దిగిపోయింది. పక్కదాన్ని నొక్కాడు. పెళుసుగా పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. ఒకటి చింతపండు, ఒకటి అప్పడం.

"సచ్చిపోనాయి," అనుకున్నాడు.

లేచి మేనేజరు దూసి జగ్గారావుగారి గదికి వెళ్ళాడు. జగ్గారావుగారు చాలా మంచివారు. ఎంత మంచివారంటే సంతకం పెట్టవలసిన చోట కూడా నమస్కారం పెట్టి ఊరుకునే రకం. డిసెంబరులో రిటైరవుతున్నారు. అప్పటిదాకా భూమి తిరగకుండా ఆగితే బాగుండునని ఆయన కోరిక.

"ఈసారి ఏ రబ్బరు వేయిద్దాం సూరీ?" అన్నారాయన.

"మామూలు రబ్బరు నూనె తాగీసి మెత్తబడిపోతాదండి. నూనెకి తట్టుకునే నైట్రిల్ ఒకసారి ఏసినాం. ఉప్పుగాలికీ ఎండకీ పగిలిపోనాది. ఎండకి తట్టుకునేది ఇంకోటి ఏసినాం. నూనె సుక్క పడితే బూరి పొంగినట్టు పొంగిపోనాది. నియోప్రీన్ అని ఒకటున్నాదండి. దేనికీ మొనగాడు కాదు గానీ ఉప్పుకీ, నూనెకీ, ఏడికీ, అమ్మోనియాకీ అన్నిటికీ ఓర్సుకుంటాది. మా అప్పలాగ."

అప్ప అంటే అతని అక్క నూకరత్నం. ఆమెని చూసినవాళ్ళకి ఆ పోలిక ఎంత సరైనదో తెలుస్తుంది.

"ఎన్నాళ్ళుంటుంది?"

"నాలుగైదేళ్ళు దిలాసాగా ఉంటాదండి. తరవాత మార్చీడమే. రబ్బరు కదండీ, అరిగిపోడానికే పుట్టినాది. అది అరిగితేనే యంత్రం మిగులుతాది."

ఈ సంగతే మూడు వాక్యాల్లో రాసి హెడ్డాఫీసుకి పంపారు. అక్కడే వచ్చింది చిక్కు. మూడు వాక్యాల్లో అర్థమైపోయే సంగతంటే హెడ్డాఫీసుకి మొదటినుంచీ అనుమానం.

కోస్తా మత్స్య శీతలీకరణ సంస్థ ఏటేటా ఒక ఉద్యమం నడుపుతుంది. కిందటేడాది వేగ మహోద్యమం. ఆ వేగానికి చాలా వస్తువులు విరిగాయి. అందుకని ఈ ఏడాది మన్నిక మహోద్యమం పెట్టారు. దానికి డైరెక్టరు పరకాల విశ్వంభరరావుగారు. ఒకప్పుడు ఆయన కూడా చొక్కాకి గ్రీజు అంటించుకున్న ఇంజనీరేనట. ఇప్పుడు మాత్రం ఆయన నోట్లోంచి వచ్చే మాటకి కూడా ఇస్త్రీ ఉంటుంది. ఉత్తరం అందిన నాలుగో రోజునే రెండు జీపుల్లో మనుషులనేసుకుని దిగారు.

"మిత్రులారా!" అన్నారు కంప్రెసరు ముందు నిలబడి. "ఉప్పుగాలి, ఉష్ణము, తైలము, అమ్మోనియా. ఈ నాలుగు ప్రతికూల శక్తులును ఏకకాలమున ఇచ్చట దాడి చేయుచున్నవి. ఇంతటి దుర్భర వాతావరణము మన సంస్థలో మరెచ్చటను లేదు. ఇది మనందరికీ గర్వకారణము!"

జగ్గారావుగారు చప్పట్లు కొట్టారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ నాలుగింటినీ పీలుస్తూ బతుకుతున్న అప్పలసూరికి తాను ఇంత గొప్ప చోట ఉన్నట్టు ఆ రోజే తెలిసింది.

ధర్మం మాట్లాడుకోవాలంటే విశ్వంభరరావుగారు పని త్వరగానే చేశారు. నెల తిరక్కుండానే ప్యాడ్లు వచ్చాయి. అసలైన నియోప్రీన్. అప్పలసూరి గోరుతో నొక్కాడు. నొక్కిన చోట సొట్ట పడి, గోరు తీయగానే మళ్ళీ పైకి లేచింది. అతనికి ముచ్చటేసింది.

"పసిగుంట బుగ్గలాగున్నాదండీ!" అన్నాడు.

అయితే ప్యాడ్లు ఒంటరిగా రాలేదు. మఖమలు గుడ్డ పరిచిన టేకు పెట్టెలో వచ్చాయి. పెట్టెతో పాటు నలభై రెండు పేజీల పుస్తకం కూడా వచ్చింది. దాని పేరు మన్నిక సంహిత. అందులో అప్పలసూరి చెప్పిన 'నాలుగైదేళ్ళు' కొట్టేసి 'పదేళ్ళు' అని వేశారు. నాలుగైదేళ్ళు అనుట పరాజయ మనస్తత్వమట. ప్యాడ్లకి వరుసగా నంబర్లు. నెలనెలా వాటి ఎత్తు, గట్టితనం, నిగనిగ కొలిచి నూటికి మార్కులు వేసి పంపాలి. ఒక గీత పడితే ఒక మార్కు పోతుంది. నూనె మరకకి రెండు. తొంభై దాటని మేనేజరు హెడ్డాఫీసుకి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి.

జగ్గారావుగారు పుస్తకం చదివి, మూసి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇప్పుడే బిగించకు సూరీ. ఈ నెల రిపోర్టు వెళ్ళనీ."

"రెండు రోజులే కదండీ, సరే."

ఆ రెండు రోజులే కొంప ముంచాయి. అప్పటికే ప్యాడ్లు బిగించుకున్న మిగతా ఫ్యాక్టరీల్లో ఒకదానికి తొంభై ఆరు వచ్చింది, ఇంకోదానికి తొంభై మూడు. ఒకాయనకి ఎనభై ఎనిమిదొచ్చి హెడ్డాఫీసు వరండాలో మూడు రోజులు కూచున్నాడు. పాతదిబ్బలపాలేనికి మాత్రం నూటికి నూరు!

విశ్వంభరరావుగారు శాలువా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. జగ్గారావుగారికి కప్పారు. సంస్థలోకెల్లా దుర్భరమైన వాతావరణంలో నూటికి నూరు ఎలా సాధ్యమైందో కనిపెట్టడానికి అయిదుగురితో ఒక సంఘం వేశారు. ఆ సంఘం రెండు రోజులు పెట్టె చుట్టూ తిరిగింది. భూతద్దం పెట్టి చూసింది. మిగతా ఫ్యాక్టరీల రిపోర్టులు తెప్పించి పోల్చింది. చివరికి ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికి వచ్చింది. ఉప్పుగాలి కాదు, ఉష్ణం కాదు, తైలం కాదు: 'మన్నికకు ప్రధాన శత్రువు వాడుక.'

మే పదో తేదీకి అన్ని ఫ్యాక్టరీలకీ సర్క్యులరు వెళ్ళింది. 'ప్యాడ్లను వాడుక అను ప్రతికూల శక్తి నుండి తక్షణమే రక్షింపవలెను.'

"బాబూ, మరి యంత్రం కింద ఏటి పెడతామండి?" అని ఆ సర్క్యులరుతో వచ్చిన విశ్వంభరరావుగారిని అడిగాడు అప్పలసూరి.

"తాత్కాలికముగా ఏదేని ఏర్పాటు చేసుకొనుము."

"ఏటి పెట్టమంటారు?"

"తాత్కాలిక ఏర్పాట్లకు సంహిత వర్తించదు," అన్నారు విశ్వంభరరావుగారు ఎంతో దయగా. "నీ ఇష్టము."

అప్పలసూరి లారీ షెడ్డుకి వెళ్ళి అరిగిపోయిన టైరొకటి అడిగి తెచ్చి, ముక్కలు కోసి కంప్రెసరు కింద కుక్కాడు. యంత్రం రోజుకి ఆరేడు గంటలు, అదీ సగం వేగంతో నడిచింది. అంతకు మించితే క్యాలెండరు ఊగుతోంది.

ఇక్కడితో ఆగినా పోనీ అనుకోవచ్చు. మే నెల ఎండలు ముదిరాయి. పెట్టెలో ఉన్నా ప్యాడ్లు ఉన్నది దుర్భర వాతావరణంలోనే కదా అని హెడ్డాఫీసుకి బెంగ పట్టుకుంది. ఫ్యాక్టరీ మొత్తానికి ఏసీ ఉన్న గది మేనేజరుగారిది ఒక్కటే. ఆ గది ప్యాడ్లకి కేటాయించారు. జగ్గారావుగారు బల్లతో సహా వరండాలోకి వచ్చేశారు. శాలువా కప్పించుకున్న మనిషి కాదనలేడు కదా. గది తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకి కట్టుకోవాలని ఉత్తర్వు.

తరువాత కరెంటు కోతలు మొదలయ్యాయి. కరెంటు పోతే ఏసీ ఆగుతుంది. ఏసీ ఆగితే ప్యాడ్లకి ఉక్కపోత. మళ్ళీ ఉత్తర్వు వచ్చింది: 'విద్యుత్ అంతరాయ సమయములందు ప్యాడ్ల చుట్టును ఐసు పేర్చవలెను. ఐసు ఫ్యాక్టరీలో ఐసు కొరత ఉండునని భావించుట లేదు.'

అలా పాతదిబ్బలపాలెం ఐసు ఫ్యాక్టరీ రోజుకి నలభై ఐసు దిమ్మలు తయారుచేసి, నలభై దిమ్మలూ మేనేజరుగారి గదిలోకి మోయించడం మొదలుపెట్టింది. టైరు ముక్కల మీద కంప్రెసరు తయారుచేయగలిగింది అంతే. నిల్వకి ఒక్క దిమ్మ మిగిలేది కాదు.

ఒకనాటి పొద్దున్న నూకరత్నం ఫ్యాక్టరీ గేటులోంచి లోపలికి వచ్చింది. ఆమెది సొంత బోటు. మొగుడు పోయాక పదేళ్ళుగా తనే నడిపిస్తోంది. ఆ బోటు మీద ఎనిమిది కుటుంబాలు బతుకుతున్నాయి. వరండాలో దిగులుగా కూర్చున్న జగ్గారావుగారిని చూసింది. ఆయన గదిలోకి దిమ్మ తరువాత దిమ్మ వెళ్ళడం చూసింది. ఊళ్ళో ఎవరైనా పోయి, దగ్గరివాళ్ళు రావడం ఆలస్యమైతే తప్ప ఇళ్ళలోకి అంత ఐసు వెళ్ళదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని తమ్ముణ్ణి పక్కకి లాగింది.

"ఎవుల్రా పోయినారు? మేనేజరుగోరి ఇంట్లోవోళ్ళేనా?"

"ఎవులూ పోనేదప్పా. ఐసు రబ్బరు ముక్కలకి."

"రబ్బరుకి ఐసేటిరా?"

"పాడైపోకండాను."

"సేపలు పాడైపోతే?"

అప్పలసూరి గదిలోకి వెళ్తున్న ఇంకో దిమ్మకి దారి వదిలాడు. నూకరత్నానికి కోపం వచ్చింది. ఆమెకి కోపమొస్తే గొంతు తగ్గుతుంది, పెరగదు.

"ఒరే సూరీ, పదిహేనో తారీకున బోట్లు కదులుతాయి. రెణ్ణెల్లనుంచి గంజి తాగి కూకున్నాం. మొదటి ఏటలోనే రొయ్య ఇరగబడి పడతాది. ఐసు నేకపోతే ఆ రొయ్యని మళ్ళీ సముద్రంలోనే పోసుకోవాల. యాభై కిలోమీటర్ల అవతలోళ్ళని అడిగినాను. వాళ్ళ బోట్లకే సాల్దంట. నా తమ్ముడు ఐసు ఫేక్టరీలో ఉన్నాడనీసి నాను ఊరందరికీ సెప్పుకున్నాను. ఇప్పుడు ఐసు నేదంటే నా మొకం ఎక్కడ పెట్టుకోవాల?"

"పదిహేనుకి ఐసుంటాదప్పా," అన్నాడు అప్పలసూరి.

అన్నాక లెక్క వేసుకున్నాడు. బోట్లకి కావలసింది రోజుకి మూడు వందల దిమ్మలు. టైరు ముక్కలతో మూడు వందలు ఎలా? కానీ అక్క ముందు అనేశాడు. ఆమెతో ఆడిన మాట తప్పి బతికినవాడు వాళ్ళ ఇంట్లో ఇంతవరకూ లేడు.

మే నెల రిపోర్టులోనూ నూటికి నూరు వచ్చింది. జగ్గారావుగారికి రెండో శాలువా. ఆ ఎండలో ఆయన వరండాలో రెండు శాలువాలతో కూర్చుని హెడ్డాఫీసు ఫోను కోసం చూసేవారు.

జూన్ తొమ్మిదిన టైరు ముక్కలు నలిగి జారిపోయాయి. క్యాలెండరు ఊగలేదు, ఏకంగా కింద పడింది. గొట్టం జాయింటు ఊడి అమ్మోనియా వరండా దాటి, గేటు దాటి, బజారులోకి వెళ్ళింది. అప్పలసూరి ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వెళ్ళి వాల్వు కట్టేశాడు. కంప్రెసరు ఆగింది. వాసన తగ్గడానికి ఆ పూటంతా పట్టింది.

మర్నాటి పొద్దున్నే కరెంటు పోయింది. జగ్గారావుగారు ఎర్రబడ్డ కళ్ళతో లేచి నిలబడ్డారు.

"సూరీ! గదిలో వేడెక్కిపోతోంది! ఐసేదీ?"

"యంత్రం ఆగిపోనాది కదండీ. ఐసు నేదు."

"ఐసు లేకపోతే ప్యాడ్లు పాడైపోవూ?"

అప్పలసూరి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. ఇరవై ఆరేళ్ళలో సంస్థవారి భాషలో అతనికి మొదటిసారిగా ఒక ఆలోచన వచ్చింది.

"అవునండి, పాడైపోతాయి. ప్యాడ్లు పాడవకండా ఉండాలంటే ఐసుండాల. ఐసు కావాలంటే యంత్రం నడవాల. యంత్రం నడవాలంటే దాని కింద ప్యాడ్లుండాల. ప్యాడ్లని కాపాడాలంటే ప్యాడ్లు బిగించీడం తప్ప మరింకో దారి నేదండి."

జగ్గారావుగారు సంహిత తీశారు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నలభై రెండు పేజీలూ తిరగేశారు. పంతొమ్మిదో నిబంధన దగ్గర ఆయన వేలు ఆగింది. 'ప్యాడ్ల పరిరక్షణకు అవసరమైన సమస్త చర్యలను తక్షణమే గైకొనవలెను.'

"సమస్త చర్యలు అంటే..." అన్నారు.

"సమస్తం అంటే సమస్తమేనండి."

"నేను సంతకం పెట్టలేను సూరీ."

"మిమ్మల్ని పెట్టమన్నేదండి."

జగ్గారావుగారు సంహిత మూసి రోడ్డు వైపు చూశారు. "నిన్నటి అమ్మోనియాకి నా కళ్ళు మండిపోతున్నాయి," అన్నారు. "కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వారం రోజులు సెలవు పెడుతున్నాను. మొలతాడు కూడా ఒరుసుకుపోతోంది." తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టి, రెండు శాలువాలూ సంచిలో కుక్కుకుని బస్సెక్కేశారు.

అప్పలసూరికి భయం లేదంటే అబద్ధం. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల చదువుంది. నూటికి నూరు వచ్చిన ప్యాడ్లని ముట్టుకున్నవాణ్ణి సంస్థ ఏం చేస్తుందో అతనికి తెలియదు, ఎందుకంటే అంతవరకూ ఎవడూ ముట్టుకోలేదు. తాళం తీసి, మఖమలు మీద పడుకున్న ఆరు ప్యాడ్లనీ చూసి, "రండమ్మా, పనిలోకి," అన్నాడు.

మధ్యాహ్నానికల్లా జాకీ ఎత్తి ఆరూ బిగించాడు. జాయింట్లు మార్చాడు. కరెంటు రాగానే స్విచ్చి వేసి, మెల్లగా వేగం పెంచాడు. సగం, ముప్పావు, పూర్తి. యంత్రం తంబూరా మీటినట్టు ఒకే శ్రుతిలో మోగింది. కింద పడ్డ క్యాలెండరుని తెచ్చి మేకుకి తగిలించాడు. అది కదల్లేదు. అమ్మోనియా ఏమీ లేకుండానే అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

నాలుగు రోజుల్లో నిల్వ గది నిండింది. జూన్ పదిహేనున తెల్లారేసరికి ఐసుని పొడి చేసే యంత్రం దగ్గర బుట్టలు బారులు తీరాయి. నూకరత్నం బోటుకి అందరికంటే ముందు నింపారు. ఆమె తమ్ముడి దగ్గరికి వచ్చింది. గుప్పెడు ఐసు తీసి అతని మెడ వెనక చొక్కాలో పోసి వెళ్ళిపోయింది. చిన్నప్పటినుంచీ సంతోషమొస్తే ఆమె అంతే.

పదిహేడున రెండు జీపులొచ్చాయి. రాజధానిలో మన్నిక ప్రదర్శన జరగబోతోంది. నూటికి నూరు వచ్చిన ప్యాడ్లని ఊరేగింపుగా తీసుకుపోవడానికి విశ్వంభరరావుగారు స్వయంగా వచ్చారు. వెంట పూలదండ ఉంది, ఫొటోగ్రాఫరున్నాడు, రవాణాలో ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిదో చూడడానికి న్యాయవిభాగం అధికారి కూడా ఉన్నారు. గది తలుపు తీశారు. పెట్టెలో మఖమలు గుడ్డ మీద ఆరు గుంటలు మాత్రం ఉన్నాయి.

"ప్యాడ్లు ఎచ్చట?"

"డూటీలో ఉన్నాయండి," అన్నాడు అప్పలసూరి.

పూలదండ పట్టుకున్నవాడు దాన్ని నెమ్మదిగా వీపు వెనక్కి తీసుకున్నాడు. అందరూ యంత్రాల గదిలోకి పరిగెత్తారు. కంప్రెసరు పూర్తి వేగంతో నడుస్తోంది. దాని మీద అప్పలసూరి పెట్టుకున్న టీ గ్లాసు పెట్టినట్టే ఉంది. విశ్వంభరరావుగారు ఆ గ్లాసుని చూశారు. చెయ్యి చాచి యంత్రాన్ని తాకారు. ఎప్పుడో గ్రీజు అంటించుకున్న ఇంజనీరు ఆయన మొహంలో ఒక్క లిప్తపాటు కనిపించి, "అబ్బ!" అనబోయి, మళ్ళీ డైరెక్టరై పోయాడు.

ఆయన ఒంగి స్కేలు పెట్టి కొలిచారు. "రెండు మిల్లీమీటర్లు కుంగినవి! నూనె చుక్క! ఇది ఘోరమైన దుర్వినియోగము!"

"దుర్వినియోగం కాదండి. వినియోగమేనండి."

"వాదింపకుము! యంత్రమును ఆపి ప్యాడ్లను తక్షణమే ఊడదీయుము! నిన్ను సస్పెండు చేయుచున్నాను!"

సరిగ్గా అప్పుడే రేవు నుంచి కేకలు వినిపించాయి. మొదటి వేట బోట్లు వచ్చేస్తున్నాయి. నూకరత్నం, ఆమె వెనక పాతికమంది ఆడవాళ్ళు బుట్టలతో గేటు దగ్గర నిలబడ్డారు. ఒడ్డుకొచ్చిన రొయ్యలు లారీలెక్కేదాకా రెండు రోజులపాటు ఐసు పోస్తూనే ఉండాలి. నిల్వ గదిలో ఉన్నది సాయంత్రానికి కూడా చాలదు. యంత్రం ఆపితే ఆ ఎండలో అంతా మట్టిపాలు.

అప్పలసూరి స్పానరు చేతిలోకి తీసుకున్నాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది. ఐసునైనా పోనివ్వకూడదు. స్పానరు నట్టుకి తగిలించి, తిప్పకుండా ఆగాడు.

"ఇప్పీమంటే ఇప్పీస్తానండి. తప్పు సేసినాను, ఒప్పుకుంటాను. కానీ ఒకటండి, ఇది మంచి రబ్బరు. బరువు తీసీగానే పసిగుంట బుగ్గలాగ మళ్ళీ పైకి లేసిపోతాది. అప్పుడు రెండు మిల్లీమీటర్లు కుంగినాదనీసి రుజువేటుంటాదండి? రేపు నానే మాట మార్సీసి, నానసలు వాడనేదంటేనో?"

న్యాయవిభాగం అధికారి అంతవరకూ రుమాలు ముక్కుకి పెట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నారు. ఆయన రుమాలు తీశారు.

"ఆగుడు!" అన్నారు. "స్పానరు దించుము! డైరెక్టరుగారూ, ముద్దాయి పలికినది అక్షరాలా నిజము. సాక్ష్యము సంపీడన స్థితిలో ఉన్నది. బరువు తొలగించిన మరుక్షణము సాక్ష్యము మాయమగును. విచారణ ముగియు వరకు ప్యాడ్లను కదల్పరాదు."

"సరే, యంత్రమునైనను ఆపుడు," అన్నారు విశ్వంభరరావుగారు.

"అదియు వీలుకాదు. ప్యాడ్లు వాడబడుచుండగా పట్టుబడినవి. ఆపినచో అవి వాడబడుచున్నట్లు ఎట్లగును? ఉన్నది ఉన్నట్లుగా ఉంచవలెను."

అక్కడికక్కడే పంచనామా రాశారు. 'ఆరు ప్యాడ్లు యంత్రము క్రింద కుంగి ఉన్నవి. యంత్రము పూర్తి వేగముతో నడుచుచున్నది. ప్రక్కన ఫోర్మను నిలబడి ఉన్నాడు. ఈ స్థితి విచారణ ముగియు వరకు ఏ మాత్రము మారరాదు.'

"ఫోర్మన్ని సస్పెండు చేసితిని కదా?" అని గుర్తుచేశారు విశ్వంభరరావుగారు.

న్యాయవిభాగం అధికారి పంచనామాలో మూడో వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. సస్పెన్షను రద్దయింది. కంప్రెసరుకి లక్క ముద్ర వేసిన కాగితం అంటించారు: 'ఈ యంత్రమును ఆపువారు శిక్షార్హులు.' దండ ఏం చేయాలో తోచక ఫొటోగ్రాఫరు మెడలో వేసి, జీపులెక్కి వెళ్ళిపోయారు.

బుట్టలతో ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ఐసు పొడి గలగలమంటూ పడుతోంది. నూకరత్నం లక్క ముద్ర కాగితం దగ్గర నిలబడి పైనుంచి కింది దాకా చూసింది.

"ఇదేట్రా? నిన్నేటైనా సేస్తారా?"

"ఇచారణ సేస్తారంటప్పా. అది అయ్యీదాకా నన్ను కదప్రు. యంత్రాన్నీ ఆపరు."

"ఇచారణ బేగి అయిపోతే?" ఆమె గొంతు తగ్గింది. "ఐసు ఆపీరా? నిన్ను తీసీరా?"

అప్పలసూరి నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. రెండు నెలల తరువాత మొదటిసారి మనసారా నవ్వాడు.

"నువ్వు దిగులెట్టుకోకు. మా ఫేక్టరీలో నిచ్చెన పోయిందనీసి నా ముందు ఫోర్మను మీద ఏసిన ఇచారణ ఇంకా నడస్తన్నాది. ఆయన పోయి పదకొండేళ్ళయినాది. ఉప్పుగాలీ నూనే అలగుంచు, మా సంస్థలో ఇచారణ మన్నినట్టు ఏ రబ్బరూ మన్నదప్పా."